కాపలాకు పెట్టిన పిల్లలు

1945 మార్చిలో, మూడు వారాల తేడాతో, రెండు దేశాల్లో రెండు నాటకాలకు తెర లేచింది. మార్చి 8న బ్యూనస్ ఎయిరిస్‌లోని అవెనీదా థియేటర్‌లో ఫెదెరికో గార్సియా లోర్కా నాటకం ‘బెర్నార్దా ఆల్బా ఇల్లు’ మొదటిసారి ఆడింది. చూసుకోవడానికి రచయిత లేడు. 1936 జూన్‌లో ఈ నాటకం రాయడం ముగించిన రెండు నెలలకే, స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైన తొలి వారాల్లో, గ్రనాదా దగ్గర ఆయన్ని కాల్చి చంపారు. మార్చి 31న న్యూయార్క్ బ్రాడ్‌వేలో టెన్నెసీ విలియమ్స్ నాటకం ‘గ్లాస్ మెనాజెరీ’ మొదలైంది. అంతకుముందు డిసెంబరు నుంచి అది షికాగోలో ఆడుతోంది. విలియమ్స్ రాసేనాటికి లోర్కా నాటకం ఎక్కడా ఆడలేదు, అచ్చూ కాలేదు. అయినా రెండూ ఒకే జబ్బును పట్టుకున్నాయి. పిల్లల్ని కాపాడాలన్న పట్టుదలే పిల్లల్ని తినేసే ఇల్లు రెండు నాటకాల్లోనూ ఉంది.

ఇంకో చిన్న ముడి కూడా ఉంది. ‘గ్లాస్ మెనాజెరీ’లో టామ్ కథ మొదలుపెడుతూ ఆనాటి స్పెయిన్ గొడవను తలుచుకుంటాడు, గెర్నికా పేరు ఎత్తుతాడు. లోర్కాను మింగిన యుద్ధం అదే. సెయింట్ లూయిస్ సందులో అద్దె ఇంట్లో బతికే కుర్రాడికి ఆ యుద్ధం దూరపు వార్త. మూసిన తలుపుల వెనక ఊపిరాడకపోవడం మాత్రం అతనికి దూరపు వార్త కాదు.

ఈ రెండు నాటకాల్నీ పక్కపక్కన పెట్టినప్పుడు విమర్శకుల చూపు సాధారణంగా తల్లుల మీదికి, ఆ తల్లుల చేతిలో నలిగిన కూతుళ్ల మీదికి పోతుంది. ఒకవైపు బెర్నార్దా, ఆమె కడగొట్టు కూతురు అదేలా. ఇంకోవైపు అమాండా వింగ్‌ఫీల్డ్, ఆమె కూతురు లారా. ఆ చూపు తప్పని అనను. కానీ అతిజాగ్రత్త ఇంటిని ఎలా పాడుచేస్తుందో తెలియాలంటే మరో ఇద్దర్ని చూడాలి. లోర్కా నాటకంలో నాలుగో కూతురు మార్తిరియో, విలియమ్స్ నాటకంలో కొడుకు టామ్. వీళ్లిద్దరూ కాపలాకు పెట్టిన పిల్లలు. తల్లి ఒక్కతే ఇల్లంతా కాయలేదు కాబట్టి పిల్లల్లో ఒకర్ని తన కన్నుగానో తన చెయ్యిగానో మార్చుకుంటుంది. కాపు కాయించుకున్నవాళ్లకంటే కాపు కాసినవాళ్లే ఈ నాటకాల్లో ఎక్కువ పాడయ్యారని నా వాదన.

ముందు ఆ ఇళ్లు ఎలాంటివో చూద్దాం. బెర్నార్దాకు అరవై ఏళ్లు. రెండో భర్త ఆంతోనియో మరియా బెనవీదెస్ అంత్యక్రియల రోజున నాటకం మొదలవుతుంది. ఐదుగురు ఆడపిల్లలు. పెద్దది ఆంగుస్తియాస్‌కు 39, చిన్నది అదేలాకు 20. మధ్యలో మగ్దలేనా, అమేలియా, మార్తిరియో. చావుకు వచ్చిన ఆడవాళ్లు గుమ్మం దాటారో లేదో, ఎనిమిదేళ్ల మైల అని తల్లి తీర్పు చెప్పేస్తుంది. వీధి గాలి కూడా లోపలికి రాకూడదు. తలుపులు, కిటికీలు ఇటుకలు పెట్టి మూసేశారనుకోమంటుంది. తన తండ్రి ఇంట్లో, తాత ఇంట్లో ఇలాగే జరిగిందట. ఈలోపు పెళ్లి దుప్పట్లకు కుట్టుపని చేసుకోవచ్చు. పెళ్లికొడుకులు ఎక్కడున్నారంటే సమాధానం లేదు. వంద మైళ్ల చుట్టుపక్కల తమ అంతస్తుకు తగినవాడే లేడని ఆమె నమ్మకం.

ఈ కాపలా దేన్ని కాస్తోందో తేల్చేసే చిన్న సంఘటన మొదటి అంకంలోనే ఉంది. బెర్నార్దా తల్లి మరియా హొసేఫాకు ఎనభై ఏళ్లు. మతి చెదిరిన ముసలావిడ. ఆమెను గదిలో పెట్టి తాళం వేసి ఉంచుతారు. కాసేపు పెరట్లోకి వెళ్లనివ్వమని పనిమనిషికి చెబుతూ, వెంట వెళ్లి బావి దగ్గరికి మాత్రం పోకుండా చూడమంటుంది బెర్నార్దా. దూకేస్తుందని భయమేమీ లేదమ్మా అంటుంది పనిమనిషి. బెర్నార్దా భయం అది కానే కాదు. బావి దగ్గర నిలబడితే పక్కింటి కిటికీల్లోంచి కనపడుతుంది, అదీ ఆమె దిగులు. ఇంత చిన్న మాటలో లోర్కా ఆ ఇంటి రాజ్యాంగమంతా రాసిపెట్టాడు. బావిలో నీళ్లకంటే పక్కింటి కళ్లు ప్రమాదం. ప్రాణానికి ముప్పు వస్తే చూసుకోవచ్చు, పరువుకు ముప్పు రాకూడదు. ఆఖరి అంకంలో జరిగేదంతా ఈ మాటలో ముందే ఉంది. కానీ చూసేవాళ్లకు అప్పుడది ముసలావిడ గురించిన మాటగానే తోస్తుంది.

అమాండా ఇల్లు దీనికి తిరగేసిన బొమ్మ. ఆమె కళ్ల నుంచి తప్పించుకోదు, కళ్లను పిలుస్తుంది. కూతురు లారా చిన్నప్పుడు జబ్బు చేసి ఒక కాలు కొంచెం పొట్టిగా మిగిలింది, దానికి పట్టీ కట్టుకుంటుంది. మనిషి అలికిడైతే వణికే పిల్ల. ఇంట్లో గాజు బొమ్మల్ని తుడుచుకుంటూ, తండ్రి వదిలేసిన గ్రామఫోన్ రికార్డులు వింటూ కూచుంటుంది. ఈ పిల్లను చూడటానికి మగపిల్లలు వస్తారని అమాండా రోజూ ఎదురుచూస్తుంది. తన పడుచుతనంలో బ్లూ మౌంటెన్‌లో ఒకే ఆదివారం మధ్యాహ్నం పదిహేడుమంది యువకులు తనను చూడవచ్చారని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు తనివి తీరదు. కొడుకు పనిచేసే గిడ్డంగి నుంచి జిమ్ ఓకానర్ అనే యువకుడు భోజనానికి వస్తున్నాడని తెలిసినప్పుడు ఇల్లు కొత్తగా సర్దుతుంది, కూతురి రవికెలో పౌడరు పఫ్‌లు కుక్కుతుంది. అతని పేరు వినగానే, హైస్కూల్లో తను మనసు పడ్డవాడు ఇతనేనని లారాకు అర్థమై కాళ్లు వణుకుతాయి. తలుపు నేను తియ్యలేనమ్మా అని బతిమాలుతుంది. నువ్వే తియ్యాలి అంటుంది తల్లి.

ఒక తల్లి తలుపు మూయిస్తుంది, ఒక తల్లి తలుపు తీయిస్తుంది. పైకి ఇవి ఎదురెదురు పనులు. నిజానికి రెండుచోట్లా జరిగేది ఒకటే. తలుపు ఎప్పుడు తియ్యాలో, ఎవరికి తియ్యాలో లోపలి మనిషిని అడగరు. అతిజాగ్రత్త అంటే బయటికి పోనివ్వకపోవడమే అనుకుంటే అమాండా మన లెక్కలోకి రాదు. బిడ్డ తరఫున భయం, ఆశ, నిర్ణయం అన్నీ తామే అనుభవించేసి, చివర్న బిడ్డకు విధేయత ఒక్కటే మిగల్చడం అంటే మాత్రం ఇద్దరూ ఒకే గడపలో నిలబడతారు.

అమాండా పట్ల ఒక్క విషయంలో న్యాయంగా ఉండాలి. ఆమె భయం ఊహలోంచి పుట్టలేదు. భర్త టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ ఒకరోజు ఇల్లు వదిలేసి పోయాడు. ఆఖరి కబురు మెక్సికోలోని మజత్లాన్ నుంచి వచ్చిన పోస్టుకార్డు, దాని మీద పలకరింపూ వీడ్కోలూ తప్ప ఏమీ లేవు. నవ్వుతున్న అతని ఫోటో నాటకమంతా గోడమీద ఉంటుంది. పెళ్లి కాక, ఉద్యోగం లేక, అన్నదమ్ముల ఇళ్లల్లో వదినల దయమీద బతికే ఆడవాళ్లను అమాండా దక్షిణాది ఊళ్లలో కళ్లారా చూసింది. 1930ల ఆర్థిక మాంద్యం వీధిలో ఉంది. తన తర్వాత లారా గతేమిటన్నది నిజమైన ప్రశ్న. పత్రికలకు చందాదారుల్ని చేర్పించడానికి ఆమె ఫోన్ పట్టుకుని పరిచయస్తుల్ని బతిమాలే ఘట్టాలు చూస్తే గుండె కలుక్కుమంటుంది. తెల్లారగానే ఫోన్ చేసి, ఎదుటివాళ్ల సైనస్ నొప్పిని పరామర్శించి, సీరియల్ నవల గురించి ఊరించి, చివరికి లైన్ కట్ చేయించుకుంటుంది. ప్రేమ లేని మనిషి ఈ పని చెయ్యదు. బెర్నార్దా ఊళ్లో కూడా ఆడదానికి మంచిపేరు తప్ప వేరే ఆస్తి లేదు. రెండో అంకం చివర్న లిబ్రాదా అనే ఆమె కూతురు, పెళ్లికాకుండా కన్న బిడ్డను చంపి పాతిపెట్టిందని, ఊరు ఊరంతా ఆ పిల్లను వీధుల్లో ఈడ్చుకొస్తుంది. బెర్నార్దా గుమ్మంలోంచి చంపెయ్యండని అరుస్తుంటే వెనక నిలబడ్డ అదేలా తన పొట్ట పట్టుకుంటుంది. అంటే బయట తోడేళ్లు లేవని ఈ నాటకాలు చెప్పవు. ఉన్నాయి. బెర్నార్దా ఆ తోడేళ్ల గొంతుతోనే అరుస్తోందని మాత్రం లోర్కా చూపిస్తాడు.

ఇక మార్తిరియో దగ్గరికి వస్తాను. ఆమెకు ఇరవైనాలుగేళ్లు. ఆరోగ్యం అంతంత మాత్రం, మందులు వాడుతూ ఉంటుంది. ఒకప్పుడు ఎన్రికే ఉమానెస్ అనేవాడు ఆమె కిటికీ దగ్గరికి వస్తానని కబురుపెట్టాడు. రాత్రంతా లోపలి గౌనుతోనే కిటికీ దగ్గర కాచుకుంది. అతను రాలేదు. తర్వాత తనకంటే డబ్బున్న పిల్లను చేసుకున్నాడు. మగవాళ్లంతే, తనలాంటి అనాకారిని దేవుడే వాళ్లకు దూరంగా ఉంచాడు అని మొదటి అంకంలో తన వయసుకు తగని విరక్తితో అక్క అమేలియాతో చెబుతుంది. ప్రేక్షకులం కూడా అలాగే నమ్ముతాం. రెండో అంకంలో పోన్సియా నోటివెంట అసలు సంగతి బయటపడుతుంది. ముప్పయ్యేళ్లుగా ఆ ఇంట్లో పనిచేసే మనిషి ఆమె. అతను వచ్చేరోజునే రావద్దని కబురు పంపించింది బెర్నార్దాయే. అతని తండ్రి కూలివాడు కాబట్టి. మళ్లీ అవకాశం వస్తే వెయ్యిసార్లైనా అదే పని చేస్తానంటుంది తల్లి.

మార్తిరియో ఈ సంభాషణ వినదు. నాటకం ముగిసేదాకా ఆమెకు ఈ నిజం తెలియదు. ఎన్రికే తనను వద్దనుకున్నాడని, దానికి కారణం తన రూపమేనని నమ్ముతూనే ఉంటుంది. రక్షణ పేరుతో చేసిన హాని ఇంతకంటే లోతుగా పోగలదని నేననుకోను. తల్లి ఆమెకు ఒక మగవాణ్ణి దూరం చేయడమే కాదు, తనమీద తనకున్న నమ్మకాన్ని కూడా తెలియకుండా పెరికేసింది. ఎవరో తనను కోరుకున్నారన్న ఒక్క జ్ఞాపకం ఉంటే ఆ పిల్ల బతుకు వేరుగా ఉండేది. ఆ జ్ఞాపకాన్నే తల్లి అవమానంగా మార్చి చేతిలో పెట్టింది. చెప్పకుండా చేసిన సాయం కాబట్టి దాన్ని ఎదిరించే దారి కూడా కూతురికి లేదు.

ఇలా ఎండిపోయిన మనిషి ఇంటికి కాపలాదారు అవుతుంది. తండ్రి వాటా ఆస్తి ఉన్న పెద్దక్క ఆంగుస్తియాస్‌కు పేపే ఎల్ రొమానో అనే పాతికేళ్ల అందగాడితో పెళ్లి కుదురుతుంది. అతను ఒక్కసారి కూడా రంగస్థలం మీదికి రాడు. పెద్దదాని కిటికీ దగ్గర కాసేపు మాట్లాడి, అర్ధరాత్రి దాటాక చిన్నది అదేలా దగ్గరికి వెళ్తుంటాడు. మార్తిరియోకు కూడా అతనంటే ఇష్టమే, ఆ సంగతి చెప్పుకోలేదు. అక్క దగ్గరున్న అతని ఫోటో కొట్టేసి తన దుప్పట్ల మధ్య దాచుకుంటుంది. దొరికిపోయినప్పుడు తమాషాకు చేశానంటుంది, తల్లి కర్ర దెబ్బలు తింటుంది. రాత్రుళ్లు నిద్రపోకుండా చెల్లెలి అడుగుల చప్పుడు వింటుంది, వెంట తిరుగుతుంది. ఆ ఇంట్లో ఆమెకు అనుమతి ఉన్న కోరిక ఒక్కటే, ఇతరుల కోరికను పట్టుకోవడం. తల్లి నిఘా పెట్టమని నోరు తెరిచి చెప్పనక్కర్లేదు. ఇల్లంతా నిఘా మీద నడుస్తున్నప్పుడు, అసూయ కూడా పరువు కాపాడే పనిగా వేషం వేసుకోగలదు.

చివరి రాత్రి పశువులదొడ్డి నుంచి వస్తున్న అదేలాను లంగాకు అంటుకున్న గడ్డితో సహా పట్టిస్తుంది మార్తిరియో. తల్లిని కేకేస్తుంది. అదేలా తల్లి చేతిలోని కర్ర లాక్కుని రెండుగా విరిచేస్తుంది. బెర్నార్దా తుపాకీ తీసుకుని బయటికి పరుగెడుతుంది, పేలిన చప్పుడు వినపడుతుంది. లోపలికి వచ్చిన మార్తిరియో పేపే పని అయిపోయిందన్నట్టు ఒక మాట అంటుంది. అదేలా గదిలోకి పరుగెత్తి తలుపు వేసుకుంటుంది. గురి తప్పింది, పేపే గుర్రమెక్కి పారిపోయాడు, మార్తిరియోకు ఆ సంగతి తెలుసు. మరి ఎందుకలా అన్నావని మగ్దలేనా అడిగితే, ఆమె సమాధానంలో ద్వేషం తప్ప మరేం లేదు. తలుపు బద్దలు కొట్టేసరికి అదేలా ఉరేసుకుని ఉంటుంది. అదేలాను చంపింది తల్లి తుపాకీ కాదు, కాపలా కాసిన అక్క అబద్ధం. ఈ వరస లోర్కా ఎంత జాగ్రత్తగా పేర్చాడో చూడాలి. కర్ర, తుపాకీ లాంటి పెద్ద అధికారం గురి తప్పింది. దాని నీడలో పెరిగిన చిన్న అధికారం గురి తప్పలేదు.

టామ్ వింగ్‌ఫీల్డ్ మార్తిరియోలా విషం కక్కడు. నవ్విస్తాడు, కవిత్వం రాసుకుంటాడు, అక్కంటే ప్రాణం. అయినా అతని ఉద్యోగం అలాంటిదే. చెప్పుల గిడ్డంగిలో నెలకు అరవై అయిదు డాలర్ల జీతం. తండ్రి పోయాక ఇంటికి మగదిక్కు అతనే. భోజనం దగ్గర ఎలా నమలాలో కూడా తల్లే చెబుతుంది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న డి.హెచ్. లారెన్స్ నవలను అతనికి చెప్పకుండా తిరిగిచ్చేస్తుంది, అలాంటి చెత్త తన ఇంట్లో ఉండకూడదట. ఇంటి అద్దె ఎవరు కడుతున్నారని టామ్ అడిగితే తల్లి మధ్యలోనే నోరు మూయిస్తుంది. రాత్రుళ్లు సినిమాకని వెళ్లి తెల్లవారుజామున వస్తాడు. ఒకరోజు ఉదయం కాఫీ దగ్గర అమాండా అసలు ఒప్పందం చెబుతుంది. నీకు పోవాలని ఉందని తెలుసు, పో, కానీ నీ స్థానంలోకి ఇంకొకరు వచ్చాకనే. లారాను చూసుకోవడానికి ఒక మనిషి, ఆమెకో ఇల్లు దొరికిన రోజున నువ్వు స్వేచ్ఛగా పోవచ్చు. అప్పటిదాకా కాపలా మారదు. ఆ మనిషిని వెతికి తెచ్చే బాధ్యత కూడా టామ్‌దే.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా మన ఇళ్లల్లో అన్నల్నీ తమ్ముళ్లనీ గుర్తుచేసుకోకుండా ఉండలేను. చెల్లి పెళ్లయ్యాకే నీ సంగతి అన్న మాట విననివాడు తెలుగునాట అరుదు. బాధ్యతగా చెప్పిన ఆ మాట అన్నాచెల్లెళ్ల మధ్య ఏం చేస్తుందో విలియమ్స్ పట్టుకున్నంత సూటిగా పట్టుకున్నవాళ్లు తక్కువ. ప్రేమించే అక్క క్రమంగా తన విడుదలకు అడ్డుగా కనపడటం మొదలవుతుంది. టామ్ ఆ ఆలోచనను ఒప్పుకోడు, కానీ చేతలు చెబుతాయి. తల్లితో గొడవపడి కోటు విసిరికొట్టినప్పుడు అది వెళ్లి లారా గాజుబొమ్మల అలమారకు తగులుతుంది. తర్వాత జిమ్ వల్ల కూడా ఒక బొమ్మ విరుగుతుంది, కానీ నాటకంలో ముందుగా గాజు పగలగొట్టినవాడు టామ్. తల్లి మీద కోపం అక్క మీద పడింది. అలాగే కరెంటు బిల్లుకు పెట్టాల్సిన డబ్బులు తీసుకెళ్లి నౌకా కార్మికుల సంఘంలో సభ్యత్వం కట్టేస్తాడు. అతిథి వచ్చిన రాత్రి ఇంట్లో దీపాలు ఆరిపోతాయి. కాపలాదారు పారిపోయే ముందు ఇంటిని చీకట్లో పెట్టక తప్పలేదు. ఒక రాత్రి ఇంద్రజాలికుడి ప్రదర్శన చూసొచ్చి అక్కతో ఆశ్చర్యంగా చెబుతాడు: మేకులు కొట్టిన శవపేటికలోంచి ఒక్క మేకైనా ఊడకుండా మనిషి బయటికి వచ్చాడని. టామ్‌కు కావలసిన విద్య అదే. అది అతనికి రాదు. అతను బయటపడితే మేకులు ఊడతాయి, అవి లారాకు గుచ్చుకుంటాయి.

ఇద్దర్నీ కలిపి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మార్తిరియో కాపలా ఉద్యోగాన్ని ఒంటికి పూర్తిగా ఎక్కించుకుంది, టామ్ దాన్ని రోజూ విదిలించుకోవాలని చూశాడు. పెద్దవాళ్ల భయాన్ని పిల్లలు మోయడానికి ఉన్న దారులు ఈ రెండే అనిపిస్తుంది. భయంతో ఒకటైపోయి మరో తల్లి కావడం ఒకటి, భయాన్ని తన్నేసి మరో తండ్రి కావడం ఇంకొకటి. టామ్ సరిగ్గా గోడమీది ఫోటో చేసిన పనే చేస్తాడు, అమాండా ఏది జరగకూడదని అతన్ని కట్టిపడేసిందో అదే జరుగుతుంది. మార్తిరియో విషయంలోనూ బెర్నార్దా భయపడిందే జరిగింది, ఇంటి గుట్టు రోడ్డున పడింది. కాపలా ఫలితం కాపలా కాసిన ప్రమాదమే కావడం ఈ రెండు నాటకాల్లోనూ కథను నడిపే యంత్రం.

తల్లులకు ఇవేవీ కనపడకపోవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కాపలా ఎంత ఎక్కువైతే ఎరుక అంత తక్కువ. పోన్సియా పదేపదే హెచ్చరిస్తుంది, ఈ ఇంట్లో పెద్ద సంగతేదో నడుస్తోందని. తన ఇంట్లో ఏమీ జరగడం లేదని, జరిగినా గోడలు దాటదని బెర్నార్దా జవాబు. ప్రళయం వచ్చే రాత్రి కూడా తన నిఘా అన్నీ చూసుకుంటుందని చెప్పి నిద్రకు వెళ్తుంది. అమాండా కూతుర్ని టైపు నేర్చుకోమని రూబికమ్స్ బిజినెస్ కాలేజీలో యాభై డాలర్లు ఫీజు కట్టి చేర్పించింది. మొదటి స్పీడ్ టెస్టులోనే లారాకు కడుపులో తిప్పి వాంతి అయ్యింది. ఆ తర్వాత ఆమె వెళ్లలేదు. రోజూ ఉదయం ఇంట్లోంచి బయలుదేరి చలిలో పార్కుల్లో తిరిగింది, జూలో పక్షుల్ని చూసింది, ఉష్ణదేశపు పూలు పెంచే గాజుమేడలో కూచుంది, సాయంత్రానికి ఇంటికి వచ్చింది. వారాల తరబడి. తల్లి మొహంలో నిరాశ చూడలేక అంత చలి భరించింది. అమాండాకు ఈ సంగతి కాలేజీకి స్వయంగా వెళ్లి కనుక్కుంటేగానీ తెలియలేదు. పిల్లలు అబద్ధం ఎందుకాడతారంటే, నిజం చెబితే పెద్దవాళ్లు తట్టుకోలేరని కాబట్టి. ఈ ఇళ్లల్లో ఎవరు ఎవర్ని కాపాడుతున్నారో కొంతసేపటికి తెలియకుండా పోతుంది.

ఇంకో పోలిక నా మనసులోంచి పోదు. మార్తిరియోను ఆమె కిటికీ దగ్గర ఎవరూ చూడనివ్వలేదు. లారాను ఒకడు చూశాడు, గంటసేపు. కొవ్వొత్తుల వెలుగులో నేలమీద కూచుని జిమ్‌తో మాట్లాడుతూ, హైస్కూల్లో తన కాలి పట్టీ ఉరుములా చప్పుడు చేసేదని, అందరూ కూచున్నాక తరగతిలోకి నడిచి రావడం నరకమని లారా చెబుతుంది. తనకు ఆ చప్పుడే వినపడలేదంటాడు జిమ్. ఎన్నో ఏళ్లుగా ఆమె చెవుల్లో మోగుతున్న ఉరుము మిగతా ప్రపంచానికి వినపడనే లేదు. ఇంట్లో కుంటి అన్న మాటను అమాండా నిషేధించింది, ఆ పిల్లకు అసలు లోపమే లేదన్నట్టు నడిపించింది. అమ్మ చేసిన నిషేధం వల్ల ఆ మాట ఎన్నడూ మామూలు మాట కాలేకపోయింది, ఎవరితోనూ చెప్పుకుని తేలికపడే వీలు పోయింది. ఒక పరాయి కుర్రాడు పట్టించుకోనట్టు అన్న మాట తల్లి ఇరవై ఏళ్ల జాగ్రత్త చేయలేని పని చేసింది. నాట్యం చేస్తుండగా బల్ల తగిలి గాజు యూనికార్న్ కొమ్ము విరిగిపోతే లారా ఏడవదు. ఇప్పుడది మిగతా గుర్రాలతో కలిసిపోతుందిలే, దానికి ఆపరేషన్ అయిందనుకుంటాను అంటుంది. ఆ తర్వాత జిమ్‌కు వేరే అమ్మాయితో నిశ్చితార్థం అయిందని తెలుస్తుంది, అది వేరే సంగతి. అయినా ఆ గంటలో మనం చూసిన లారా తల్లి ఎరగని లారా.

ఆపరేషన్ అన్న మాట విలియమ్స్ ఊరికే రాయలేదు. ఆయన అక్క రోజ్‌కు 1943లో లోబోటమీ అనే మెదడు ఆపరేషన్ చేశారు, కుటుంబం అనుమతితో, ఆమె మంచి కోసమే అనుకుని. ఆ తర్వాత ఆమె జీవితమంతా ఆస్పత్రుల్లోనూ సంరక్షణ గృహాల్లోనూ గడిచింది, 1996లో చనిపోయింది. నాటకం మీద వచ్చే ఆదాయంలో సగం విలియమ్స్ తల్లికి రాసిచ్చాడు. అమాండాను ద్వేషించి రాసిన మనిషి ఆ పని చెయ్యడు. నాటకం చివర్లో టామ్ మాట్లాడుతుండగా, గాజు వెనక ఉన్నట్టు కనపడే అమాండా లారాను ఓదారుస్తుంటుంది. మాటలు మనకు వినపడవు. అప్పుడు ఆమెలోని చాపల్యం పోయి గాంభీర్యం మిగులుతుందని రచయిత రాశాడు. ఇంత కరుణ బెర్నార్దాకు లోర్కా చూపలేదు. కూతురు శవం ఇంకా దించకముందే అదేలా కన్యగానే చనిపోయిందని ప్రకటించమంటుంది ఆమె, ఏడుపులు వద్దంటుంది. నాటకంలో ఆమె నోట వచ్చిన మొదటి మాట, చివరి మాట రెండూ నిశ్శబ్దాన్ని శాసించేవే. ఇది కఠినమే గానీ నాకు అన్యాయంగా అనిపించదు. తాను రాసేది కట్టుకథలా కాకుండా ఫోటోల దస్తావేజులా ఉండాలని లోర్కా నాటకం ముందు చెప్పుకున్నాడు. ఫోటోలో పశ్చాత్తాపం లేని మొహం పశ్చాత్తాపం లేనట్టే పడుతుంది.

మన దేశంలో రెండింటికీ సినిమా రూపాలు వచ్చాయి. గోవింద్ నిహలానీ 1991లో బెర్నార్దా కథను రాజస్థాన్ హవేలీలోకి తెచ్చి ‘రుక్మావతీ కీ హవేలీ’ తీశాడు. మలయాళంలో శ్యామప్రసాద్ 2004లో ‘గ్లాస్ మెనాజెరీ’ని ‘అకలే’గా మలిచాడు. స్పెయిన్ పల్లె, అమెరికా నగరం, రెండూ ఇక్కడ ఇంత సులభంగా ఎందుకు ఒదిగాయో వేరే చెప్పనక్కర్లేదు.

కళగా చూస్తే ఏది గొప్పదని అడిగితే, హాని ఎలా పుడుతుందో చూపించడంలో లోర్కా వైపు మొగ్గుతాను. విలియమ్స్ తన నాటకాన్ని జ్ఞాపకంగా రాశాడు. టామ్ కథ చెప్పేవాడు కూడా కాబట్టి అతని తప్పులు అతని పశ్చాత్తాపంలో కొంత కరిగిపోతాయి. కరెంటు బిల్లు సంగతి మనం నవ్వుతూ క్షమించేస్తాం. అక్కను వదిలి ఏ ఊరు పోయినా ఆమె వెంటాడుతూనే ఉందని చెప్పినప్పుడు అతని బాధ మనకు తాకుతుంది. లారా ఆ తర్వాత ఎలా బతికిందో మాత్రం తెలియదు. అడిగే అవకాశమూ నాటకం ఇవ్వదు.

మార్తిరియోకు అలాంటి వేదిక దొరకలేదు. ప్రేక్షకులవైపు తిరిగి తన గోడు చెప్పుకునే హక్కు ఆమెకు లేదు, ఇల్లు వదిలి పోయే ఓడ లేదు, ఎన్రికే గురించిన నిజం కూడా చేతికి అందదు. చెల్లెలి శవం ముందు ఆమెకు మిగిలింది ఒక్క వాక్యం. వాణ్ణి పొందగలిగిన అదేలా తనకంటే వెయ్యిరెట్లు అదృష్టవంతురాలని. చాలా ప్రదర్శనల్లో ఈ వాక్యాన్ని అసూయగా, పళ్లు బిగించి పలికిస్తారు. అలా పలికిస్తే పాత్ర చిన్నదైపోతుంది. ఆ ఇంట్లో కాపలా కాసిన మనిషి తల్లి వింటుండగా మొదటిసారి తనకు ఏం కావలసి వచ్చిందో బయటికి చెబుతోంది. బెర్నార్దా నిశ్శబ్దం కోసం గద్దించేది ఆ మాట తర్వాతే. నటి ఆ వాక్యాన్ని స్పష్టంగా, ఎవరి మొహమూ చూడకుండా చెప్పగలిగితే, ఆ శాసనం ఏడుస్తున్న ఇంటి మీదకంటే మార్తిరియో మీద పడుతుంది.